మంచుపై ఆటలకు ఏ ఫిల్ము తగును?

శీతకాలమనగా వెలుతురు కొఱవడిన కాలమని మనలో ననేకులు తలంతురు. కావుననే మంచుదేశములలో ఆరుబయట జరుగు ఆటలను చలనచిత్రముగా తీయగోరువారు మొట్టమొదట స్పీడు హెచ్చుగల ఫిల్మును కోరుచుందురు. ఈ తలంపు సరియైనది కాదు. సముద్రతీరమునందలి ఇసుక తనపై బడిన వెలుతురులో సగముకంటె తక్కువ భాగమునే తిప్పి పంపును. క్రొత్తగా కురిసిన మంచు నూటికి 80 మొదలు 90 వంతుల వరకు తిప్పి పంపును. ఎండ కాయుచున్న దినమున మంచుకొండపై నిలిచినవానికి వెలుతురు ఆకసమునుండి మాత్రమే గాక కాలిక్రిందినుండియు వచ్చును. నల్లకండ్లజోడు లేక అచ్చట చాలసేపు తిరిగినవారికి కండ్లు మండి, కొంతకాలము చూపు తగ్గుటయు గలదు. కంటికే ఇంత బాధ కలిగించు వెలుతురు ఫిల్మునకు చాలకపోవుట యెట్లు? అచ్చటి కష్టము వెలుతురు తక్కువగుట కాదు, మితిమీరుట. ఏ ఫిల్ము కొనవలెనను ప్రశ్న ఈ సంగతినుండియే బయలుదేరవలెను.

మంచు నెఱుగని మనకీ విషయమేల యని కొందఱడుగవచ్చును. నేడు తెలుగు కుటుంబములెన్నియో కెనడాలోను, అమెరికా ఉత్తరరాష్ట్రములలోను నివసించుచున్నవి. వారి పిల్లలు పాదములకు స్కీలు, అనగా ముందుకొన పైకి వంగిన పొడవాటి సన్నపలకలు, కట్టుకొని మంచువాలుపై జారుటను బడిలోనే నేర్చుకొనుచున్నారు. మన దేశముననే కాశ్మీరమందలి గుల్‌మార్గులో 2020వ సంవత్సరమున ఖేలో ఇండియా శీతకాలపు ఆటలు ప్రారంభమైనవి. ఇక చేతిలో టెలిఫోనుతోనే చలనచిత్రము తీయగలిగిన యీ దినములలో ఫిల్ము ఎందులకన్న ప్రశ్నకు మేము పెద్ద వాదము చేయము. ఫిల్ముపై మంచు కనుపించు తీరు వేఱు. దాని నిష్టపడువారు ఇప్పటికిని కలరు. వారికొఱకు ఫిల్ము ఇప్పటికిని తయారగుచున్నది.

చిన్న ఫిల్ము అనగా సినిమాశాలలకై వాడు 35 మిల్లీమీటర్ల ఫిల్ముకంటె వెడల్పు తక్కువది. 16 మిల్లీమీటర్ల ఫిల్మును కోడక్ సంస్థవారు 1923లో, 8 మిల్లీమీటర్ల దానిని 1932లో, సూపర్ 8 అను దానిని 1965లో వెలువరించిరి. సూపర్ 8 ఒక నల్లని డబ్బాలో చుట్టియుండును. ఆ డబ్బాను కెమేరాలో నెట్టి తలుపు మూసిన చాలును, ఫిల్మును చేతితో నెక్కించు పని లేదు. చేతులు కొంకర్లుపోవు చలిలో ఇది చిన్న సౌకర్యము కాదు. అయితే ఫిల్ముపై పడు బొమ్మ రమారమి 5.8 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల యెత్తు మాత్రమే యుండును. 16 మిల్లీమీటర్ల ఫిల్ముపై బొమ్మ వైశాల్యము దీనికి మూడింతలకు మించును. ఈ కొలతలను చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు వీనితో పనిగలదు.

సూపర్ 8 డబ్బాలో 50 అడుగుల ఫిల్ముండును. అడుగునకు 72 బొమ్మల చొప్పున మొత్తము 3,600 బొమ్మలు. సెకండునకు 24 బొమ్మల చొప్పున నడిపిన రెండున్నర నిమిషములు, 18 చొప్పున నడిపిన మూడు నిమిషముల 20 సెకండ్లు వచ్చును. స్విట్జర్లండులోని వెంగెన్ గ్రామమువద్ద ఏటేట జరుగు లావుబర్‌హార్న్ పందెపుబాట ప్రపంచకప్పు దిగుడు పందెములన్నిటిలో పొడవైనది, నాలుగు కిలోమీటర్లకు మించినది. 1997లో ఇటలీదేశీయుడగు క్రిస్టియన్ ఘెడీనా దానిని 2 నిమిషముల 24.23 సెకండ్లలో దిగెను. అనగా ఆయన పరుగు మొదలుకొని తుదివరకు ఎడతెగక తీసినచో ఒక డబ్బాలో ఆఱు సెకండ్ల ఫిల్ము మిగులును! ఇంత స్వల్పమైన ఫిల్మును చాల ధనము పోసి కొని, కడుగుటకు దూరదేశమునకు పంపి, వారములు గడచిన పిమ్మటగాని ఏమి వచ్చినదో చూడజాలము. ఆడినవాడు కొండ దిగిపోయెను. కరగిన మంచు మరల ఆ తీరున కురియదు. తెరపై ఆటగాని ముఖము బొగ్గువలె నల్లనై కనబడినను, మంచంతయు సున్నము పూసిన గోడవలె గీతలేని తెల్లదనమైపోయినను దిద్దుకొన వీలులేదు. కావున ఫిల్మును ఎన్నుకొనునప్పుడే ఆలోచింపవలెను.

స్పీడు అను మాటను ముందు తెలిసికొందము. ఇది ఫిల్ము కెమేరాలో పరుగెత్తు వేగము కాదు, వెలుతురునకు ఫిల్ము చూపు చురుకుతనము. ఫిల్ముపై జెలటిన్‌పొరలో వెండి లవణముల రేణువులు కలిసియుండును. రేణువులు పెద్దవైనకొలది కొద్ది వెలుతురునకే మాఱుపు జెందును గాని, బొమ్మను పెద్దది చేసి చూచునప్పుడు ఇసుక చల్లినట్లు కనబడును. రేణువులు సన్నమైనచో వెలుతురెక్కువ కావలెను గాని బొమ్మ నున్నగా నుండును. సూపర్ 8 యొక్క చిన్నబొమ్మను గోడంత తెరపైకి పెంచునప్పుడు ఈ భేదము మిక్కుటముగా తెలియును. ఆకులు, జనసమూహము, అంగళ్ల వరుసలు మొదలగు చిక్కని దృశ్యములలో రేణువులు దాగిపోవును. నీలాకాశము, మంచువాలు వంటి చదునైన విశాలభాగములలో దాగుటకు వాటికి చోటు లేదు. మంచుచిత్రములో తెరలో ముప్పాతిక భాగము ఇట్టిదే గదా! దూరమున దిగివచ్చు ఆటగాడు ఆ తెల్లదనములో గింజంత యుండును. రేణువులు పెద్దవైనచో వానికిని రేణువునకును భేదము తెలియదు.

ఇక లెక్క చూతము. ఫోటోగ్రాఫరులందఱెఱిగిన సూత్రమొకటి గలదు: మంచి యెండలో లెన్సు రంధ్రమును ఎఫ్ 16 వద్దనుంచి, ఫిల్ము స్పీడుసంఖ్య యెంతయో సెకండులో అన్నవ వంతు కాలము తెఱచిన సరిపోవును. చలనచిత్రపు కెమేరాలో ఆ కాలమును మనము ఇష్టమువచ్చినట్లు మార్చజాలము. సెకండునకు 24 బొమ్మలు తీయునప్పుడు ఒక్కొక్క బొమ్మకు రమారమి సెకండులో 48వ వంతు దొరకును. కావున స్పీడు 50 గల ఫిల్మునకు మామూలు ఎండలో ఎఫ్ 16 సరియగును. మంచుపై వెలుతురు రెట్టింపగునని యెంచిన ఎఫ్ 22. స్పీడు 100 అయినచో మంచుపై ఎఫ్ 32. స్పీడు 200 అయినచో ఎఫ్ 45. స్పీడు 500 గల ఫిల్ము, దానికి పగటివేళ తగిలింపవలసిన నారింజరంగు ఫిల్టరుతో 320 అగును. దానికి ఎఫ్ 56 వంటి రంధ్రము కావలెను. అనేక లెన్సులు ఎఫ్ 16 లేక 22 వద్దనే నిలిచిపోవును. అనగా మంచిదని కొన్న ఖరీదైన ఫిల్ము ఎండగల మంచుపై మొదటి బొమ్మనుండియే మాడిపోవును.

ఎఫ్ 22 వరకు పోగల లెన్సున్నంతమాత్రమున సంతోషింపరాదు. రంధ్రము మిక్కిలి సన్నమైనప్పుడు దాని గుండ పోవు కాంతి అంచులవద్ద చెదరి విచ్చుకొనును. చుక్కగా పడవలసినది చిన్న బిళ్లయై పడును. ఎఫ్ 22 వద్ద ఆ బిళ్ల కొలత రమారమి మిల్లీమీటరులో నూటికి మూడు వంతులు. 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై దీనిని అంతగా లెక్కింపనక్కఱలేదు. సూపర్ 8 బొమ్మ వెడల్పు 5.8 మిల్లీమీటర్లే గనుక ఆ వెడల్పులో అట్టి బిళ్లలు రెండువందలైనను పట్టవు. బొమ్మ మసకబారుట కింతకంటె కారణము వేఱేల? ఎఫ్ 8 వద్ద ఆ బిళ్ల మూడవవంతునకు తగ్గును. లెన్సు సాధారణముగా చక్కగా చూపునది ఎఫ్ 4 మొదలు 8 వరకే. కావున స్పీడు 50 ఫిల్ము వాడినను వెలుతురులో ఎనిమిదవ వంతును మాత్రమే పోనిచ్చు బూడిదరంగు ఫిల్టరును లెన్సుముందు బిగించిన యెడల ఎఫ్ 22 వచ్చిన చోట ఎఫ్ 8 వచ్చును. దీనిని న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టరందురు. రంగును మార్చదు, వెలుతురును మాత్రమే తగ్గించును. మంచుకొండకు పోవువాడు రెండవ ఫిల్ము కొనుటకు ముందు దీనిని కొనవలెనని మా యభిప్రాయము.

పాతకెమేరా కొనువారికి ఒక హెచ్చరిక. 1970 దశకమున ఇండ్లలోపలి దీపపు వెలుతురులో తీయుటకై ఎక్స్ఎల్ అను పేరుగల సూపర్ 8 కెమేరాలు వచ్చినవి. వీనిలో షట్టరు ఎక్కువ వెడల్పుగా తెఱచుకొని ఒక్కొక్క బొమ్మకు ఎక్కువ కాలమిచ్చును. పుట్టినదినపు విందుకు ఇవి మేలైనవి. మంచుపైన ఆ గుణమే దోషమగును. అంగడివాడు ఏది గొప్పయని చెప్పునో అదియే ఇచ్చట తగనిదని యెఱుగవలెను.

స్పీడు తక్కువ ఫిల్ముతో మంచుపై ఆటలు తీయవచ్చునా యని యింకను శంకించువారికి చరిత్రయే సమాధానము. కోడాక్రోము అను ప్రసిద్ధమైన రంగు ఫిల్ము 1935లో 16 మిల్లీమీటర్ల వెడల్పున వచ్చినది. 1961లో క్రొత్తరకము వచ్చువఱకు, పగటికై తయారైన దాని స్పీడు 10 మాత్రమే. 1946–47 శీతకాలమున వారెన్ మిల్లర్ అను యువకుడు నౌకాదళపు కొలువు విడిచి, స్నేహితుడొకనితో గూడ అమెరికాలో ఐడహో రాష్ట్రమునందలి సన్ వ్యాలీ కొండవద్ద చిన్న బండియింటిలో కాపురముండి, 8 మిల్లీమీటర్ల కెమేరాతో తమ స్కీయింగును తామే తీసికొని, తమ తప్పులను దిద్దుకొనుచుండిరి. ఆటగానికి తన వీపు తనకు కనబడదు గదా. ఫిల్మే వారికి ఉపాధ్యాయుడైనది. అతడే పిమ్మట 16 మిల్లీమీటర్ల చిత్రములు తీసి, 1950 మొదలు ఏటేట ఊరూర ప్రదర్శించుచు, తెరప్రక్కన తానే నిలిచి కథ చెప్పుచు, హిమక్రీడాచిత్రములకు పేరు తెచ్చెను. 2018లో తొంబదిమూడేండ్ల వయసున మరణించెను. స్పీడు 10 గల ఫిల్మునకు మంచుపై మన లెక్క ప్రకారము ఎఫ్ 10 ప్రాంతము వచ్చును, అనగా లెన్సునకు హాయిగా నుండు స్థానమున కించుమించు సమీపము. ఆ కాలమువారికి బూడిదరంగు ఫిల్టరుతో పనియే లేకుండెను! మనకు ఫిల్ము చురుకైనకొలది దానిని మందగింపజేయు సాధనము కావలసివచ్చుట వింతయే.

నేడు సూపర్ 8 లో దొరకు కోడక్ ఫిల్ములను జూతము. రంగు నెగటివులలో స్పీడు 50 గల పగటి ఫిల్ము, స్పీడు 200, 500 గల దీపకాంతి ఫిల్ములు కలవు. ఇవి విజన్ 3 అను వర్గమునకు జేరినవి. నేరుగా తెరపై వేసి చూడదగినది ఎక్టాక్రోము, స్పీడు 100. నలుపుతెలుపులలో ట్రై-ఎక్స్, పగటివేళ స్పీడు 200. పదునారు మిల్లీమీటర్లలో వీనితోగూడ స్పీడు 250 గల పగటి నెగటివు కూడ నున్నది.

నెగటివునకును, నేరుగా చూడదగు దానికిని భేదమును గ్రహింపనిది ఎన్నుకొనుట గ్రుడ్డెద్దు చేలో బడినట్లగును. నేరుగా చూడదగు ఫిల్మును రివర్సలు ఫిల్మందురు. కెమేరాలో నడచిన ఫిల్మే కడిగిన పిమ్మట ప్రొజెక్టరులో నడచును. చీకటి గదిలో కుటుంబమంతయు గూర్చుండి చూచునప్పుడు దాని రంగుల నిగ్గు మఱి దేనికిని రాదు. కాని వెలుతురు లెక్కలో అది క్షమ లేని ఫిల్ము. కొంచె మెక్కువైనచో మంచులోని మడతలు, స్కీలు గీచిన గీతలు, గాలి మలచిన అలలు సమస్తము మాయమై తెర ఖాళీయగును. పోయినదానిని తిరిగి తెచ్చుట ఎవరి తరమును కాదు. నెగటివు అట్లు గాదు. రెండు స్టాపులు, అనగా నాలుగింతలు, వెలుతురెక్కువైనను మంచులోని వివరములను తనలో దాచుకొని, యంత్రముపై పాజిటివుగా మార్చునప్పుడు తిరిగి యిచ్చును. నెగటివును మనమింటిలో ప్రొజెక్టరుపై వేసి చూడజాలము; స్కానింగు చేయించి కంప్యూటరుపై చూడవలెను. దానికి వేఱు ఖర్చుగలదు. తెల్లని మంచు, దానిముందు నల్లని కోటు, ఆ కోటుపై నీడబడిన ముఖము, ఈ మూడును ఒకే బొమ్మలో నుండుట హిమక్రీడల స్వభావము. మొదటిసారి తీయువానికి స్పీడు 50 గల నెగటివునే కొనుమని మేము నిస్సంకోచముగా చెప్పుదుము. తెరపైనే చూడవలెనను పట్టుదలగలవారు ఎక్టాక్రోమును, బూడిదరంగు ఫిల్టరును, ఓర్పును గూడ వెంటగొని పోవలెను.

ఈ సందర్భమున కోడాక్రోమును తలంపక యుండజాలము. దాని సూపర్ 8 రకము తయారగుట 2005లో నిలిచిపోయెను. దానిని కడుగుచు మిగిలియున్న కడపటి సంస్థ, అమెరికాలో కాన్సాస్ రాష్ట్రమునందలి పార్సన్స్ పట్టణములోనిది, 2010 డిసెంబరు 30తో క్రొత్త ఫిల్ములు పుచ్చుకొనుట మానివేసెను. తాతగారి పెట్టెలో కడుగని కోడాక్రోము దొరికెనని యానందించి మంచుకొండకు పట్టుకొనిపోవువారు ఇప్పటికిని గలరు. దాని రంగులను తెచ్చు రసాయనక్రమము నేడెచ్చటను జరుగుట లేదు. ఎక్టాక్రోము కూడ కొన్నియేండ్లు ఆగిపోయి, 2018లో మరల వచ్చినది.

మీటరు విషయము అన్నిటికంటె ముఖ్యము. వెలుతురును కొలుచు మీటరు మిక్కిలి బుద్ధిహీనమైన సాధనము. లోకమంతయు సగటున నూటికి 18 వంతులు వెలుతురు తిప్పిపంపు బూడిదరంగు వస్తువని అది నమ్మును. దానికి మంచును జూపినచో అదియును బూడిదయే యనుకొని, ఆ లెక్కనే రంధ్రమును ముడుచును. ఫలితముగా మంచు బూడిదవర్ణమును, దానిముందు నిలిచిన బాలిక ముఖము కాటుకవర్ణమును పొందును. మీటరు చెప్పినదానికంటె ఒకటిన్నర మొదలు రెండు స్టాపుల వరకు రంధ్రమును పెద్దది చేయుట దీనికి విరుగుడు. అనేక సూపర్ 8 కెమేరాలలో, వెలుతురు వెనుకనుండి వచ్చునప్పుడు నొక్కుటకై, ఒక మీట యుండును. అది రంధ్రమును కొంత తెఱచును. మంచుపై దానిని నొక్కి పట్టిన సగము పని తీరును. ఇంతకంటె నమ్మదగిన మార్గము అరచేయి. చేతితొడుగు తీసి, ఎండ పడునట్లు అరచేతిని చాచి, మీటరుతో దానిని మాత్రమే చూచి, ఆ వచ్చిన దానికంటె ఒక స్టాపు తెఱచినచో లెక్క కుదురును. మనుష్యుల ఒంటిరంగులు ఎంత వేఱైనను అరచేతుల రంగులో అంత భేదముండదు గనుక ఈ కొలత ఎవ్వరికైనను పనికివచ్చును. చలిలో తొడుగు తీయుట బాధయే. మీటరు ఎఱుగని దానిని అరచేయి యెఱుగును గనుక ఆ బాధ పడవలెను.

దీనిని నేర్చుకొనుటకు మంచుదేశమునకు పోనక్కఱలేదు. చినగంజాము ఉప్పుమళ్లవద్ద ఎండలో తెల్లగా మెఱయు ఉప్పుకుప్పముందు స్నేహితుని నిలిపి, టెలిఫోను కెమేరాతోనైనను ఒక చిత్రము తీసి చూడుడు. ఉప్పు మాసిపోయి, స్నేహితుడు నల్లబడి కనుపించును. పిదప వెలుతురు పెంచు గుర్తును పైకి జరిపి మరల తీయుడు. ప్రత్తిమార్కెట్టులో దూదికుప్పలవద్దను, సున్నము కొట్టిన గోడవద్దను ఇదియే జరుగును. మన విద్యార్థులు సెలవులలో ఈ పరీక్ష చేసినచో ఖర్చేమియు లేదు.

పగటి ఫిల్ము, దీపకాంతి ఫిల్ము అను భేదమును గూడ చెప్పవలెను. దీపకాంతి ఫిల్మును పగటివేళ ఊరక వాడినచో మంచు నీలిమందు కలిపినట్లుండును. అందుకై కెమేరాలోపల నారింజరంగు ఫిల్టరొకటి యమర్చియుందురు. పగటి ఫిల్ము వాడునప్పుడు ఆ ఫిల్టరు తొలగియున్నదో లేదో చూచుకొనవలెను. తొలగనిచో మంచు పసుపునీళ్లు చల్లినట్లగును. పాతకెమేరాలు కొన్ని రకముల స్పీడులను మాత్రమే గుర్తించునట్లు చేయబడినవి గనుక, తమ కెమేరా స్పీడు 50 డబ్బాను ఏ సంఖ్యగా చదువునో దానితో వచ్చిన పుస్తకమున చూచికొనుట యావశ్యకము. నెగటివునకు కొద్దిపాటి తేడా బాధింపదు. ఎక్టాక్రోమునకు బాధించును. ఎండలోని మంచుపై నీడలు స్వభావముగనే నీలముగా నుండును. ఏలయనగా అచ్చట ఎండ లేక ఆకసపు వెలుతురే పడును. దానిని దోషమని తలపరాదు. అయినను ఎత్తైన కొండలపై నీలిమ మిక్కుటమగును గనుక ఎక్టాక్రోముతో లేతగులాబిరంగు స్కైలైటు ఫిల్టరు వాడుట మంచిది.

నలుపుతెలుపుల ట్రై-ఎక్స్ స్పీడు ఎక్కువదే. పైన జెప్పిన లెక్క ప్రకారము దానికిని వెలుతురు తగ్గింపక తప్పదు. కాని నీడలు నీలముగా నుండుటచేత, పసుపు లేక నారింజ ఫిల్టరును లెన్సుముందుంచిన యెడల ఆకసమును నీడలును నల్లబడి, మంచులోని ప్రతి మడతయు చెక్కినట్లు పైకి తేలును. ఆ ఫిల్టరే కొంత వెలుతురును మ్రింగును గనుక రెండు పనులు ఒక దెబ్బకు తీరును. ఉదయముననో సాయంకాలముననో ప్రక్కనుండి ఎండ వాలుచున్నప్పుడు తీసిన నలుపుతెలుపుల మంచుచిత్రముకంటె సొగసైనది లేదని మా మతము. రంగులే గొప్పవనువారితో మేము వాదింపము.

మబ్బు పట్టిన దినము వేఱు. ఆకసము, నేల ఏకమై నీడయే లేకుండును. ఆటగాడు కూడ తన ముందున్న గుంటను చూడజాలడు, కెమేరా యెట్లు చూచును? అప్పుడు స్పీడు 200 ఫిల్ము పనికివచ్చును. నెగటివుకంటె తేడాలను గట్టిగా చూపు ఎక్టాక్రోము గాని, ట్రై-ఎక్స్ గాని కొంత జీవము పోయును. ఎఱ్ఱని, పచ్చని దుస్తులు ధరించిన ఆటగాని సమీపముగా తీయవలెను. దూరదృశ్యముల జోలికి పోరాదు. ఇక దీపస్తంభములక్రింద రాత్రివేళ జరుగు స్కీయింగు, కప్పుక్రింద ఆడు ఐస్ హాకీ, ఇట్టి వానికి స్పీడు 500 ఫిల్మే తగును. దాని స్థానమది. ఎండలో గడ్డకట్టిన చెఱువుపై జరుగు స్కేటింగునకు కాదు.

వేగముగా కదలువానిని నెమ్మదిగా చూపుట ఈ చిత్రములలో ముఖ్యమైన యలంకారము. లావుబర్‌హార్న్ బాటపై గంటకు 160 కిలోమీటర్లకు మించిన వేగము కొలువబడినది. అంతటి వీరులను విడిచి, సామాన్యుడు సెకండునకు 20 మీటర్లు జారెననుకొందము. సెకండులో 48వ వంతు కాలములో అతడు 40 సెంటీమీటర్లకు పైగా జరుగును. కెమేరాను అతనితోగూడ త్రిప్పనిచో బొమ్మ చెదరును. కొన్ని కెమేరాలు సెకండునకు 36 గాని 54 గాని బొమ్మలు తీయును. 54 చొప్పున తీసిన బొమ్మ స్పష్టముగను, కదలిక నెమ్మదిగను ఉండును. అప్పుడు ఒక్కొక్క బొమ్మకు దొరకు వెలుతురు సగముకంటె తగ్గును; ఇతరచోట్ల ఇది కష్టము, మంచుపై ఇది వరము. స్పీడు 50 ఫిల్మునకు ఎఫ్ 22 బదులు ఎఫ్ 14 ప్రాంతము వచ్చును. మఱి డబ్బా 67 సెకండ్లలో అయిపోవును! ఆటగాడు గట్టుపైనుండి గాలిలోనికెగిరి దిగు మూడు సెకండ్లకే దీనిని వాడవలెను. ఎచ్చట మలుపు తిరుగునో, ఎచ్చట ఎగురునో ఆటగానితో ముందుగా మాటాడుకొని, కెమేరాను నిలిపి, సైగ చేసిన పిమ్మటనే మీట నొక్కుట మితవ్యయము.

చలినిగూర్చి కొంచెము. బ్యాటరీలు చలిలో బలము తగ్గును గనుక వానిని లోపలిజేబులో నుంచుకొని, తీయునప్పుడే కెమేరాలో వేయవలెను. ఫిల్ము బిఱుసెక్కి విఱుగవచ్చును. పొడిచలిలో విద్యుత్తు మెఱుపుల గీతలు పడవచ్చును. కాబట్టి గడ్డకట్టించు చలిలో ఎక్కువ వేగముగా కెమేరాను నడుపుట తగ్గింపవలెను. బొలెక్స్ వంటి 16 మిల్లీమీటర్ల కెమేరాలు గడియారమువలె కీ త్రిప్పిన స్ప్రింగుతో నడచును గనుక వీనికి బ్యాటరీ చింత లేదు; ఒకసారి కీ త్రిప్పిన అర నిమిషము నడచును. బయటినుండి వెచ్చని గదిలోనికి వచ్చినప్పుడు కెమేరాపై చెమ్మ పట్టును. బయటనే దానిని ప్లాస్టిక్ సంచిలో కట్టి, లోపలికి తెచ్చి, గది వేడికి వచ్చినదాక విప్పకుండిన ఆ చెమ్మ సంచిపైననే నిలుచును.

విమానాశ్రయములలోని ఎక్స్-రే యంత్రములు కడుగని ఫిల్మును పొగచూరినట్లు చేయును. క్రొత్తగా వచ్చిన సీటీ యంత్రములు మఱింత హానికరములు. ఈ హాని స్పీడు హెచ్చిన ఫిల్మునకు ముందుగను, ఎక్కువగను తగులును. అందుచేత కూడ స్పీడు 50 ఫిల్మే మేలు. ఏ ఫిల్మునైనను క్రింది సామానులో వేయక, చేతిసంచిలో నుంచుకొని, చేతితో పరీక్షింపుమని అధికారులను మర్యాదగా వేడుకొనవలెను.

తీసివేసిన డబ్బాలను కడుగుటకు పంపునప్పుడు ఒక్కొక్కదానిపై ఫిల్ము పేరు, స్పీడు, సెకండునకు ఎన్ని బొమ్మల చొప్పున నడిపితిమో వ్రాసి అంటింపవలెను. విజన్ నెగటివు, ఎక్టాక్రోము, ట్రై-ఎక్స్ మూడును మూడు వేఱు రసాయనక్రమములలో కడుగబడును. ఒకదానిని మఱియొకదాని తొట్టిలో వేసినచో కొండమీద పడిన శ్రమయంతయు ఆ తొట్టిలోనే కరగిపోవును.